దొరల లోగిలిలో పనివారి జబ్బు

1871వ సంవత్సరమున ఆంగ్లదేశమందలి స్కార్‌బరో అను సముద్రతీర పట్టణమున లోండ్స్‌బరో ప్రభువుగారి యింట విక్టోరియా రాణి జ్యేష్ఠపుత్రుడు అతిథిగా నుండెను. కొలది దినములకే ఆయనకును, సహాతిథియైన చెస్టర్‌ఫీల్డు ప్రభువునకును, యువరాజుగారి గుఱ్ఱపువానికిని టైఫాయిడు జ్వరము వచ్చెను. ఆ యింటి మురుగుకాలువలే కారణమని జనులు నిందించిరి. చెస్టర్‌ఫీల్డు ప్రభువు డిసెంబరు 1వ తేదీన మరణించెను. యువరాజు తన సాండ్రింగ్‌హామ్ పల్లెభవనమున మృత్యుముఖముదాక పోయి మరలి వచ్చెను. గుఱ్ఱపువాడు బ్రతుకలేదు.

యువరాజు కోలుకొన్నందులకు 1872 ఫిబ్రవరి 27న లండనులోని సెంటుపాల్సు దేవాలయమున మహావైభవముగా కృతజ్ఞతాప్రార్థన జరిగెను. గుఱ్ఱపువాని సమాధిపై యువరాణి అలెగ్జాండ్రా ఒక శిలను నిలిపించెను. ఆమె దయగల తల్లి. అట్టి యజమానురాలు దొరకనివారి గతి యేమి? 1851 నాటి జనాభా లెక్కల నాటికే ఇండ్లలో కొలువుండి బ్రదుకువారు ఆ దేశమున పది లక్షలకు మించి యుండిరి.

నాటి న్యాయము చిత్రమైనది. ఇంట నుంచుకొన్న పనివానికి యజమాని అన్నము పెట్టవలసినదే; మందిప్పింపవలెనన్న విధి మాత్రము లేదు. అయితే తన వైద్యుని తానే పిలిపించినచో ఆ ఖర్చును జీతములో విఱుగగోయరాదు. ఇట్టి న్యాయమున్నచోట పిసినారి దొర వైద్యునికి కబురంపుటకు తొందరపడునా?

కావున మొదటి చికిత్స ఇంటి పెత్తనదారురాలి చేతిలోనిదే. 1861లో వెలువడిన బీటను దొరసాని గృహనిర్వహణ గ్రంథమున ఇంట నుంచదగిన మందుల పట్టిక యున్నది. మన పెద్దలెఱిగిన సునాముఖి ఆకు, ఎప్సం ఉప్పు, నల్లమందు, వానిని తూచుటకు చిన్న త్రాసు అందు కలవు. చిన్న జబ్బులకవి చాలును. అంటుజ్వరమైనచో భయము ప్రవేశించును. పాలు కాచునదియు, బిడ్డల నెత్తుకొనునదియు ఆ పనిపిల్లయే కదా! పనిపిల్లయు ఉద్యోగము పోవునన్న వెఱపుచే తలనొప్పిని దాచుకొనుట సహజమే.

ఆమె పండుకొను చోటు సాధారణముగా కప్పు క్రింది అటకగది. ఫ్లారెన్సు నైటింగేలు 1859లో ప్రకటించిన పరిచర్యా గ్రంథమున, పల్లెలయందు సైతము పనివారి గదులు చెడుగాలికి నిలయములై యుండుననియు, వానిని విచారించువారే లేరనియు కఠినముగా వ్రాసెను. నా దృష్టిలో మందుల పట్టికకంటె ఈ మాటయే విలువైనది.

రోగము ముదిరినచో ధర్మాసుపత్రి యుండెను గాని, అందు ప్రవేశమునకు చందాదారుని సిఫారసు చీటి సాధారణముగా కావలెను. అంటుజ్వరములను పెక్కు ఆసుపత్రులు చేర్చుకొనవు. పిమ్మట మిగిలినవి రెండు దారులు: 1834 శాసనముచే పెరిగిన దరిద్రశాల, లేదా కన్నవారి గుడిసె. గుడిసెకు పోయిన జ్వరము అచ్చటి పసివారినిగూడ పట్టుచుండెను.

విక్టోరియా రాణి 1901లో గతించిన పదియేండ్లకు, 1911లో, లాయిడ్ జార్జి ఆరోగ్యభీమా శాసనమును తెచ్చెను. వారము వారము బిళ్లలు అంటించుట తమ పని కాదని దొరసానులు లండను ఆల్బర్టు హాలులో సభచేసి కేకలు వేసిరి. కొందఱు పనికత్తెలును వారితో చేరిరి. జీతమునుండి వారమునకు మూడు పెన్నీలు పోవుట వారికి కష్టముగా తోచెను. శాసనము ఆగలేదు. 1913 జనవరి మొదలు జబ్బుపడిన పనికత్తెకు వైద్యుని చూపును, వారమునకు 7 షిల్లింగుల 6 పెన్నీలును హక్కుగా ఏర్పడెను. అందులకు దొరసాని చీటి అక్కఱలేదు.