లండను నగరపు బొక్కసము: తాళపుచెవి ఎవరి చేత?

ఒక యింటి ఖర్చు విషయములో ఇద్దరి మాట కలియకున్న ఆ నెల గడచుటే కష్టము. ఎనుబది లక్షలకు పైబడిన జనులు నివసించు లండను నగరములో మేయరు మాటయు, నగరసభ మాటయు భిన్నమైనచో చెల్లునది ఎవరి మాట? ఈ ప్రశ్నకు ఆ నగరము కనుగొన్న సమాధానము వెనుక శతాబ్దికి మించిన చరిత్ర కలదు.

1889లో లండను కౌంటీ కౌన్సిలు ఏర్పడినది. 1965లో దాని స్థానమున, మరింత విశాల ప్రాంతమునకు గ్రేటర్ లండను కౌన్సిలు వచ్చినది. ఈ రెండింటి కాలమునను నగరమంతటికిని ప్రజలు నేరుగా ఎన్నుకొన్న మేయరు లేడు. సభలో అధికసంఖ్యాకుల నాయకుడే నగర నాయకుడు. ఆదాయవ్యయముల పద్దును ఆమోదించునది సభయే. కనుక నాయకునికిని సభకును తగవు వచ్చుట అరుదు. తగవు మరొక దిక్కునుండి వచ్చినది.

1981లో అధికారమునకు వచ్చిన లేబరు పక్షము బస్సు, భూగర్భ రైలు ఛార్జీలను నాలుగవ వంతు తగ్గించెదమన్న వాగ్దానమును నెరవేర్ప బూనినది. అందువలన తరిగిన రాబడిని పూడ్చుటకై బరోలపై అదనపు పన్ను విధించినది. భూగర్భ రైలు స్టేషను ఒక్కటియు లేని బ్రామ్లీ బరో న్యాయస్థానమునకెక్కినది. ఆ డిసెంబరులో ప్రభువుల సభ న్యాయమూర్తులు ఆ పన్ను చెల్లదని తీర్పు చెప్పిరి. ఎన్నికలలో చేసిన వాగ్దానమెంతటిదైనను, పన్ను చెల్లించువారి సొమ్మునకు కౌన్సిలు ధర్మకర్త వంటిదని వారి యాశయము. 1982లో ఛార్జీలు మరల పెరిగినవి.

1986లో ఆ కౌన్సిలే రద్దయినది. పదునాలుగేండ్లు లండనుకు నగరమంతటిని పాలించు ఎన్నికైన సంస్థ లేకపోయెను. 1998లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో, ఓటు వేసినవారిలో నూటికి 72 మంది మేయరును, సభను కోరిరి. 1999లో చట్టమైనది. 2000 మే మాసమున పాత కౌన్సిలు కడపటి నాయకుడైన కెన్ లివింగ్‌స్టనే స్వతంత్రుడుగా నిలిచి తొలి మేయరుగా ఎన్నికయ్యెను.

చట్టకర్తలు చేసిన పంపకము గమనింపదగినది. రవాణా, పోలీసు, అగ్నిమాపక శాఖల పద్దును రచించునది మేయరు. ముసాయిదాను సభ సామాన్యాధిక్యముతో సవరింపవచ్చును; కాని మేయరు ఆ సవరణను స్వీకరింపక, కారణములు తెలిపి, తన తుది పద్దును మరల సభ ముందుంచవచ్చును. ఆ తుది పద్దును మార్చుటకు మూడింట రెండు వంతుల ఓట్లు కావలెను. సభ్యులు 25 మంది. అందరును ఓటు వేసినచో 17 మంది ఏకము కావలెను. అనగా తొమ్మండుగురి అండ యున్న మేయరు పద్దు, పదునారుగురు కాదన్నను, నిలుచును.

పని త్వరగా సాగుటకును, బాధ్యుడెవరో ప్రజలకు స్పష్టమగుటకును ఈ యేర్పాటు మంచిదని కొందరందురు. అధికసంఖ్యాకులు వలదన్న పన్నును నగరముపై మోపుట ప్రజాస్వామ్యమా యని మరికొందరి ప్రశ్న. ఒక్కటి మాత్రము నిజము. సభకు పద్దును మార్చుబలము తక్కువైనను, మేయరును బహిరంగముగా ప్రశ్నించు హక్కు కలదు. ఆ ప్రశ్నలను, వాని సమాధానములను విన్న పౌరుడే నాలుగేండ్లకొకమారు కడపటి లెక్క చూచువాడు.