క్రకచము నుండి పట్టాలరంపము వఱకు

సంస్కృతమున రంపమునకు క్రకచమనియు, కరపత్రమనియు రెండు పేళ్లు కలవు. రెండును అమరకోశమునఁ గనుపట్టును. కరపత్రము నేఁడు సభల ప్రకటనకాగితమునకుఁ బేరైనది గాని, మొదట అది మన వడ్రంగుల చేతిసొత్తు.

భాస్కరాచార్యులు 1150లో రచించిన లీలావతియందు క్రకచవ్యవహారమని యొక ప్రకరణము కలదు. మొదట 20 అంగుళములును, కొనయందు 16 అంగుళములును మందము గలిగి, 100 అంగుళముల పొడవుగల మ్రానును నాలుగు దారులఁ గోసినచో, సగటు మందమగు 18ని పొడవుచేతను, కోఁతల సంఖ్యచేతను గుణించి 576చే భాగింపవలెను. పండ్రెండున్నర చదరపు హస్తముల కోఁత యగును. కూలి మాత్రము కొయ్య మెత్తనిదా, గట్టిదా యనుదానినిబట్టి పనివారితో ఒప్పందము చేసికొనవలెనని ఆచార్యులు చెప్పిరి. అన్ని కొయ్యలకు నొకే కూలి యిచ్చు దుకాణదారులు ఈ మాటను గమనింతురు గాక.

ఆ కాలపుఁ గోఁతయందు మ్రాను కదలదు. రంపమే గీఁటువెంట నడచును. గీఁటు వేయు దారము సూత్రము; దానిని ధరించువాఁడు సూత్రధారుఁడు. నాటకములవలన మన మెఱిఁగిన యీ పదమునకు వడ్రంగి యనియు నర్థము కలదు.

యంత్రము ఈ క్రమమును తలక్రిందు చేసినది. 1777లో ఇంగ్లాండున శామ్యూల్ మిల్లరు పొందిన పేటెంటునందే గుండ్రని రంపము ప్రస్తావింపఁబడినది. బల్లరంపమునందు, అనఁగా నేఁటివారు టేబుల్ సా యనుదానియందు, రంపపుబిళ్ల యొకచోటనే తిరుగుచుండును. కొయ్యయే దానిమీఁదికి నడువవలెను. కొయ్యతోపాటు చేయియు నడచును. మా తమ్ముని కుమారుఁడు ఒకనాఁడు ప్లైవుడ్డు పలకను ఒంటిగాఁ ద్రోయుచుండఁగా, పలక యోరగిలి, బిళ్ల వెనుకటి పండ్లకుఁ దగిలి, యెగిరి వెనుకకు వచ్చినది. చేయి జాఱి బిళ్లమీఁదఁ బడినది. చూపుడువ్రేలి కణుపు పోయినది. కోసిన సందు మూసికొనకుండ బిళ్ల వెనుక నిలుచు ఉక్కురేకును, పనికి అడ్డమని అంతకుముందే విప్పి పెట్టియుండెను. తప్పంతయు యంత్రముది కాదు. అమెరికాలో ఏఁటేఁట బల్లరంపముల గాయములు సుమారు 30 వేలని అచ్చటి ప్రభుత్వపు అంచనా. చర్మము సోకఁగానే బిళ్ల నిలిచిపోవు ఏర్పాటును స్టీఫెన్ గ్యాస్ 1999లోఁ గనిపెట్టెను గాని, అట్టి బల్ల వెల మనవారికి మించినది.

పట్టాలరంపము, అనఁగా ట్రాక్ సా, వేఱు. 1920 దశకమున అమెరికాలో ఎడ్మండ్ మిషెల్ చేతఁ బట్టుకొను గుండ్రని రంపమును రూపొందించెను. 1960 దశకమున జర్మనీయులు అట్టి రంపమునకు లోహపుఁబట్టాను జోడించిరి. పలక కదలదు, రంపమే పట్టావెంట సాగును. మా కన్నులకు అది అల్యూమినియపు సూత్రమే.

ఏది కొనవలెనని యువకులు మమ్ము అడుగుచున్నారు. ఇండ్లకుఁ బోయి 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పుగల పలకలతో అలమారలు చేయువారు మొదట పట్టాలరంపమునే కొనవలెను. బల్లకు ముందును, వెనుకను ఎనిమిదేసి యడుగుల చోటు అద్దెకొట్టులో ఎక్కడిది? అప్పు చేసి కొనువాఁడు దీనిని మొదట చూచుకొనవలెను. ఒకే వెడల్పుగల సన్నబద్దలు వందలకొలఁది కోయువారికిని, టేకుదిమ్మెలు నిత్యము చీల్చువారికిని బల్లయే తగినది. పట్టాలరంపము సాధారణముగా రెండంగుళములకు మించిన లోతు కోయదు.

మావాఁడు పట్టాలరంపము కొనెను. పాత బల్లను అమ్మలేదు. ఉక్కురేకును మరల బిగించి, ద్వారబంధముల కొయ్యకు మాత్రము వాడుచున్నాఁడు.