నీటిగుర్రానికి నలభై బకెట్లు
(ముట్టడిలో లెనిన్‌గ్రాడ్ జంతుశాల)

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయమని కార్యదర్శిగారు కోరారు. రాజుల గురించి, రాజ్యాల గురించి వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. ముప్పై ఆరేళ్ళు గుమాస్తాగిరీ చేసిన నాకు మాత్రం ఒక చిరుద్యోగిని కథే వ్రాయాలనిపించింది. ఆమె పేరు యెవ్‌దోకియా దాషినా. లెనిన్‌గ్రాడ్ జంతుశాలలో నీటిగుర్రాన్ని సాకిన మనిషి.

లెనిన్‌గ్రాడ్ పేరు మన తరానికి కొత్తది కాదు. 'సోవియట్ భూమి' తెలుగులో వచ్చే రోజుల్లో ఆ నున్నటి కాగితాలతో పిల్లల పుస్తకాలకు అట్టలు వేసినవాళ్ళమే మనమంతా. ఆ నగరాన్ని జర్మన్ సైన్యాలు 1941 సెప్టెంబరు 8న నేలమార్గాన పూర్తిగా చుట్టుముట్టాయి. 1944 జనవరి 27న గాని ముట్టడి పూర్తిగా తొలగలేదు. మొత్తం 872 రోజులు. చనిపోయిన పౌరులు ఎనిమిది లక్షలకు పైనే అని చరిత్రకారుల అంచనా. వారిలో ఎక్కువమంది బాంబులకు కాదు, ఆకలికి, చలికి పోయారు.

1941 నవంబరు 20 నుంచి డిసెంబరు 25 వరకు అక్కడ రేషను అన్నిటికన్నా తక్కువ. కార్మికుడికి రోజుకు 250 గ్రాముల రొట్టె. పిల్లలకు, ఇంట్లో ఉండేవారికి 125 గ్రాములు. మనబోటి ఆఫీసు ఉద్యోగులకూ ఆ 125 గ్రాములే. ఆ రొట్టెలోనూ సగం పిండి, సగం కల్తీ. తెలగపిండి లాంటి చెక్క, చెట్ల గుజ్జు కలిపేవారు. కరెంటు లేదు, కుళాయిల్లో నీరు లేదు.

అలాంటి ఊళ్ళో 1865లో స్థాపించిన పాత జంతుశాల ఒకటి ఉంది. ముట్టడి బిగుసుకోకముందే పులులు, తెల్ల ఎలుగుబంట్లు, ఖడ్గమృగం మొదలైన సుమారు 80 జంతువులను కజాన్ నగరానికి తరలించారు. అన్నిటినీ పంపడం సాధ్యం కాలేదు. మిగిలిన వాటికి గుప్పెడుమంది సిబ్బందే దిక్కు.

మొదటి రాత్రే దెబ్బ

సెప్టెంబరు 8 రాత్రే జంతుశాల మీద బాంబులు పడ్డాయి. పిల్లలందరికీ ఇష్టమైన బెట్టీ అనే ఏనుగు తీవ్రంగా గాయపడి మరణించింది. దాన్ని ఆ ఆవరణలోనే పూడ్చిపెట్టారు. ఒక అడవిదున్న బాంబు గోతిలో పడిపోయింది. పైకి లాగే సత్తువ ఆ మనుషుల్లో లేదు. అందుకని గోతిలోకి ఏటవాలుగా దారి కట్టి, మెట్టుమెట్టుకీ ఎండుగడ్డి వేస్తూ దాన్ని నెమ్మదిగా పైకి రప్పించారు.

తరువాత మేత సమస్య. మొదట్లో గుళ్ళ దెబ్బలకు చచ్చిన గుర్రాల మాంసం తెచ్చారు. అదీ అయిపోయింది. ఇక సిబ్బంది పార్కుల్లో గడ్డి కోశారు, ఓక్ చెట్ల కాయలు ఏరారు, ఖాళీ స్థలాల్లో కూరగాయలు పండించారు. ఎలుగుబంట్లు కూరగాయల ముద్దకు అలవాటుపడ్డాయి. పులిపిల్లలు మాత్రం ముట్టలేదు. అప్పుడు ఒక ఉపాయం పన్నారు. పాత కుందేలు చర్మాలు తీసుకుని, లోపల గడ్డీ చెక్కా కలిపిన ముద్ద కూరి, కుట్టి, పైన చేపనూనె పూశారు. పులిపిల్లలు దాన్ని కుందేలే అనుకుని తిన్నాయి. పెద్ద డేగ ఒకటి ఆ మోసానికి లొంగలేదు. దానికోసం మనుషులు ఎలుకలు పట్టవలసివచ్చింది.

హమాద్రియాస్ జాతి కోతి ఒకటి ఈనింది గాని దానికి పాలు రాలేదు. ఊరి ప్రసూతి ఆస్పత్రి నుంచి రోజుకు అర లీటరు తల్లిపాలు ఇచ్చారు. కోతిపిల్ల బతికింది.

దాషినా, క్రాసవిత్సా

నీటిగుర్రం పేరు క్రాసవిత్సా. మన భాషలో చెప్పాలంటే 'అందగత్తె'. 1911లో వచ్చింది. సుమారు రెండు టన్నుల బరువు. దాని రోజు మేత నలభై కిలోల దాకా ఉండాలి. అందులో నాలుగు నుంచి ఆరు కిలోలు మాత్రమే గడ్డి, కూరగాయల మిశ్రమం. మిగిలిన ముప్పై కిలోలూ ఆవిరిమీద ఉడికించిన రంపపు పొట్టు! కడుపు నిండిందనిపించడానికి అది.

మేత కన్నా నీరు ముఖ్యం. నీటిగుర్రం చర్మం తడి లేకపోతే పగిలి నెత్తురు కారుతుంది. కుళాయిలు ఎండిపోయి తొట్టి వట్టిపోయింది. దాషినా ప్రతిరోజూ మంచుమీద నెట్టే బండి కట్టుకుని నేవా నదికి వెళ్ళి నలభై బకెట్ల నీరు, అంటే నాలుగు వందల లీటర్లు, తెచ్చేది. ఆ నీరు వెచ్చజేసి దాని ఒళ్ళు కడిగేది. తరువాత కర్పూర తైలం రాసేది, రోజుకు కిలో చొప్పున. బాంబులు పడేటప్పుడు ఆ జంతువు బెదిరి ఎండిన తొట్టి అడుగున పడుకుంటే, దాషినా కూడా దిగి దాన్ని ఆనుకుని పడుకునేదట. రోజంతా రొట్టెముక్కతో సరిపెట్టుకునే మనిషి నలభై బకెట్లు మోసిందంటే, అది ఎంతటి పనో మన ఇళ్ళల్లో బిందెలు మోసిన ఆడవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

క్రాసవిత్సా ముట్టడిని దాటి 1951 దాకా జీవించింది. ముట్టడి గడిచి బతికినవాటిలో వేరోచ్కా అనే రాబందూ, మయాక్ అనే నీల్‌గాయ్ కూడా ఉన్నాయి. మయాక్ అంటే దీపస్తంభం. నీల్‌గాయ్ అంటే మరేదో కాదు, మన పల్లెల్లో మనుబోతు అంటారే, అదే. మన దేశపు ఎండల జాతి జంతువు ఆ మంచులో, ఆ ఆకలిలో నిలిచిందని చదివినప్పుడు, దూరదేశంలో మన ఊరివాడెవరో క్షేమంగా ఉన్నాడని ఉత్తరం అందినట్లయింది నాకు.

జంతుశాల మూసివుంచింది 1941–42 చలికాలంలో మాత్రమే. 1942 జులైలో మళ్ళీ తెరిచారు. ఆ ఏడాది సుమారు 7400 మంది చూడవచ్చారు. ఫిరంగుల మోత వినపడుతుండగా ఒక తల్లి బిడ్డను నీటిగుర్రం దగ్గరకు తీసుకువెళ్ళి చూపించిందంటే, ఈ ఊరు ఇంకా ఊరుగానే ఉందని ఆ బిడ్డకు చెప్పినట్లే కదా!

ఒక సందేహం, ఒక తప్పు

మనుషులు చస్తుంటే జంతువులను మేపడం న్యాయమా అని మీరు అడగవచ్చు. నేనూ చాలాకాలం ఆలోచించాను. రంపపు పొట్టు, గడ్డి, ఎలుకలు మనిషి నోటి దగ్గర నుంచి లాక్కున్నవి కావు. ఆ తల్లిపాల మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. అదే నగరంలో విత్తన పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు గదుల నిండా ధాన్యం ఉండగా, రేపటి పంటల కోసం ఒక్క గింజ ముట్టకుండా ఆకలితో మరణించారు. ఏది ఎవరికోసం కాపాడాలో అక్కడివారు నిర్ణయించుకున్నారు. వెచ్చటి అన్నం తిని కూర్చున్న మనం తీర్పు చెప్పడం తగదనిపిస్తుంది.

గుమాస్తాగా నన్ను ఆకట్టుకున్నది ఇంకొకటి. పొట్టు ముప్పై కిలోలు, నీరు నలభై బకెట్లు, తైలం ఒక కిలో అని ఈనాడు మనం చెప్పుకుంటున్నామంటే, ఆ చలిలో ఎవరో ఒకరు లెక్క వ్రాశారన్నమాట. లెక్కా జరిగింది, మేతా ఆగలేదు.

నా విషయంలో అలా జరగలేదు. 1972 కరువులో నేనొక తాలూకా కచేరీలో కొత్తగా చేరిన ఎల్.డి.సి.ని. పశువుల శిబిరానికి వరిగడ్డి తోలినవాడి బిల్లు నా టేబుల్ మీదకు వచ్చింది. రెండు వోచర్లకు కౌంటర్ సంతకం లేదు. అబ్జెక్షన్ వ్రాసి పక్కన పెట్టాను. సంతకం చేయవలసిన అధికారి క్యాంపులో ఉన్నారు. నాలుగు రోజులు కాగితం కదలలేదు. గడ్డి బండ్లూ కదలలేదు. ఐదో రోజు శిబిరం కావలిమనిషి వచ్చి నా ముందు నిలబడి, "అయ్యా, కాగితం ఆగుతాది గాని ఎద్దు కడుపు ఆగదు గదయ్యా" అన్నాడు. నేను రూలు చదివి వినిపించాను. అతను దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ వారంలో పోయిన పశువుల్లో ఏవి అంతకుముందే నీరసించినవో, ఏవి నా అబ్జెక్షన్ వల్ల పోయినవో ఏ రిజిస్టరులోనూ లేదు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. రూలు ప్రకారం నాది తప్పు కాదు. అయినా సర్వీసంతా ఆ మాట నా వెంటే వచ్చింది. తరువాత ఎన్నడూ మేత, మందు, తిండి కాగితాన్ని రాత్రికి టేబుల్ మీద ఉంచి ఇంటికి పోలేదు.

ఆ జంతుశాల ఉద్యోగుల్లో పదహారుమందికి 'లెనిన్‌గ్రాడ్ రక్షణ' పతకం ఇచ్చారు. 1991లో ఆ నగరం సెయింట్ పీటర్స్‌బర్గ్ అని పాత పేరుకు మారిపోయింది. జంతుశాల మాత్రం ముట్టడి రోజుల్లో పనిచేసినవారి జ్ఞాపకార్థం లెనిన్‌గ్రాడ్ జంతుశాలగానే ఉండిపోయింది.

మన మిత్రుల్లో పశువైద్యశాఖలో, అటవీశాఖలో, కరువు పనుల్లో చేసినవారు ఎందరో ఉన్నారు. మీకు తెలిసిన దాషినాలు ఉంటారు. వారి గురించి వచ్చే సంచికకు నాలుగు మాటలు వ్రాసి పంపమని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.

— ఒక విశ్రాంత గుమాస్తా