బస్తరు ఇంటి వైద్యం – అడవి హక్కు

వైద్య చరిత్ర అనగానే చరక సుశ్రుతుల గ్రంథాలు, ఆస్థాన వైద్యులు, ఆసుపత్రులు స్ఫురించడం సహజం. చిన్న రుగ్మతలకు సామాన్యులు తమ ఇంటనే చేసుకొన్న చికిత్సకు లిఖితాధారాలు తక్కువ. అటువంటి చరిత్రను పరిశీలించడానికి నేటి ఛత్తీస్‌గఢ్‌లోని బస్తరు అనువైన ప్రాంతం. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఇక్కడ రాజ్యం స్థాపించెనని ఆ రాజవంశ సంప్రదాయం. శబరీ నది పరిసరాలలో నివసించే దోర్లాల భాషలో తెలుగు ప్రభావం నేటికీ స్పష్టం. కావున ఈ చరిత్ర తెలుగువారికి పరాయిది కాదు.

బస్తరు గృహాలలో ఆహారానికి, ఔషధానికి నడుమ గట్టి సరిహద్దు లేదు. ‘మండియా పేజ్’ అనబడే రాగి అంబలిని ఎండిన సొరకాయ బుర్రలో నింపుకొని పనికి వెళ్ళడం అక్కడి అలవాటు; ఎండదెబ్బ తగలకుండా కాపాడేదీ, నీరసించినవానికి బలమిచ్చేదీ అదే. చెట్లపై గూళ్ళు కట్టే ఎర్రచీమలను ఉప్పు, మిరపకాయలతో నూరిన ‘చాప్‌డా’ పచ్చడి జ్వరానికి పథ్యమని వారి నమ్మకం. దురదలకు కానుగ నూనె, జ్వరానికి నేలవేము కషాయం, దగ్గుకు, అజీర్తికి కరక్కాయ వంటివి పెద్దల నుండి పిల్లలకు నోటిమాటగా సంక్రమించినవి. వీటికి లొంగని వ్యాధి వచ్చినపుడే మూలికలెరిగిన గుణియాను, దేవత పూనిన సిర్హాను ఆశ్రయించేవారు.

ఈ ఇంటి వైద్యానికి మూలం అడవి. అడవిలోనికి దారి మూసుకొనిపోతే వంటతో పాటు వైద్యమూ సంకటంలో పడుతుంది. 1905లో ఆంగ్ల ప్రభుత్వం మూడింట రెండువంతుల అడవిని రిజర్వు చేసి, పోడు సేద్యాన్ని, వేటను, అటవీ ఫలసేకరణను అరికట్టడానికి పూనుకొన్నది. కరవులు, అధికారుల దౌర్జన్యం, వెట్టిచాకిరి దీనికి తోడైనవి. 1910లో మామిడి కొమ్మలు, మట్టిబెడ్డలు, మిరపకాయలు, బాణాలు గ్రామగ్రామానికీ సందేశాలుగా తిరిగినవి. అదే ‘భూమ్‌కాల్’, దాని నాయకులలో నేతానార్ గ్రామానికి చెందిన గుండాధూర్ ప్రసిద్ధుడు. ఔషధాల కొరకే ఆ తిరుగుబాటు జరిగినదనడం అతిశయోక్తి. అయినను నాడు పోగొట్టుకొనబోయిన వాటిలో కరక్కాయ, కానుగ గింజ కూడ ఉన్నవని మరువరాదు. తిరుగుబాటు అణచివేతకు గురైనను, రిజర్వు చేయదలచిన విస్తీర్ణం సుమారు సగానికి తగ్గినది.

అట్లని ఇంటి వైద్యాన్ని సర్వరోగ నివారిణిగా కీర్తించడం చరిత్రకు న్యాయం కాదు. మలేరియా జ్వరం, పసిబిడ్డల అతిసారం ఇంటి చిట్కాలతో కాలయాపన జరిగితే ప్రాణాంతకం కాగలవు. ఎప్పుడు ఇంట ఆగవచ్చునో, ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తవలెనో తెలియడమే స్వయంరక్షణలో కీలకం. 1978 నాటి ఆల్మా-ఆటా ప్రకటన ప్రాథమిక ఆరోగ్య సేవలో ప్రజల భాగస్వామ్యానికి, అవసరమైన చోట సంప్రదాయ వైద్యుల సహకారానికి స్థానం కల్పించినది. ఛత్తీస్‌గఢ్‌లో 2002లో ప్రారంభమైన ‘మితానిన్’ పథకంలో ఈ భావనకు ఆచరణరూపం కనబడుతుంది. మితానిన్ అనగా నెచ్చెలి. అదే పాడాకు చెందిన స్త్రీ ఇరుగుపొరుగు ఇండ్లకు వెళ్ళి, అతిసారం సోకిన బిడ్డకు ఉప్పు చక్కెర కలిపిన నీరు పట్టించడం, ప్రమాద లక్షణాలను గుర్తించడం నేర్పుతుంది. 2020లో మొదలైన మలేరియా నిర్మూలన కార్యక్రమంలో ఇంటింటికీ వెళ్ళి, జ్వరం లేనివారికి సైతం రక్తపరీక్ష జరిపినారు. పరీక్ష లేనిదే బయటపడని వ్యాధిని ఏ కషాయమూ పసిగట్టలేదు గదా!

చిన్న అటవీ ఫలసాయంపై గ్రామసభకు యాజమాన్యాన్ని 1996 నాటి పెసా చట్టం గుర్తించినది. సంప్రదాయ విజ్ఞానంపై సమూహపు హక్కును 2006 నాటి అటవీ హక్కుల చట్టం చేర్చినది. 1910లో బస్తరు ప్రజలు బాణాలతో అడిగినదానికి చట్టం ఇచ్చిన ఆలస్యపు సమాధానంగా వీటిని భావించవచ్చు. వీటి అమలు ఎంత చిత్తశుద్ధితో సాగునో, బస్తరు ఇంటి వైద్యం అంత కాలం నిలుస్తుంది. మితానిన్ పిలుపు ఎంత దూరం వినబడునో, ఆ వైద్యపు పరిమితి అంత మందికి తెలుస్తుంది. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లోపించినా నష్టపోయేది పాడాలోని పసిబిడ్డయే.