శబ్దమే సాక్షి

తేలిక హెలికాప్టరు ఆకాశమునందే విచ్ఛిన్నమై, అందున్నవారు మరణించినప్పుడు జరిగినది చెప్పువారుండరు. పెద్ద విమానములలోనుండు ధ్వనిముద్రణ యంత్రము ఇట్టివానిలో సాధారణముగా ఉండదు.

రాబిన్సన్ ఆర్-22 అట్టిది. అందు ఇద్దరే కూర్చుందురు. పైన తిరుగు రెక్కలును రెండే. 1980వ దశకమునుండి కొన్ని ప్రమాదములలో ఆ రెక్కలు గతి తప్పి, హెలికాప్టరు శరీరమునకే తగిలినవి. పైలటు రెక్కల వేగమును తగ్గనిచ్చెనని తరచుగా తలచెడివారు. మృతులు మారు పలుకలేరు గదా!

1992 జూన్ 29వ తేదీన కాలిఫోర్నియాలోని రిచ్మండ్ వద్ద శిక్షణలోనున్న ఆర్-22 కూలి, బోధకుడును విద్యార్థియు మరణించిరి. అయితే, పాఠమును పదిలపరచుటకు విద్యార్థి వెంట గొనిపోయిన చిన్న టేపు రికార్డరు దొరకినది. అమెరికా జాతీయ రవాణా భద్రతా సంస్థ నిపుణులు అందలి ధ్వనిని విశ్లేషింపగా, విచ్ఛిన్నమగు క్షణము వరకు రెక్కల వేగము సరిగనే యుండెనని తేలినది!

ఆకస్మికముగా, అతిగా అదుపుపిడిని కదల్చినను రెక్కలు గతి తప్పగలవని పరిశోధనలు సూచించినవి. 1995లో ఆర్-22 పైలట్లకు ప్రత్యేకశిక్షణ నిర్బంధమైనది; 1996లో సంస్థ ప్రత్యేక నివేదిక వెలువడినది.

రిచ్మండ్ ప్రమాదమునకు మూలకారణము నిర్ణయింపబడలేదు. కాని వేగము తగ్గనిచ్చిరను నింద ఆ ఇరువురిపై నిలువలేదు. కన్ను చూడలేనిదానిని చెవి పట్టియిచ్చినది.