బెన్ నెవిస్ బాట

స్కాట్లండ్ పడమటి తీరంలో ఫోర్ట్ విలియం పట్టణానికి పక్కనే బెన్ నెవిస్ ఉంది. ఎత్తు 1,345 మీటర్లు. బ్రిటన్ మొత్తంలో ఇంతకు మించిన కొండ లేదు. తూర్పు కనుమల్లోని అరమకొండ దీనికన్నా మూడు వందల మీటర్లకు పైగా ఎత్తు. అయినా బెన్ నెవిస్‌ను తేలిగ్గా తీసుకోవడానికి లేదు. ఎక్కడం దాదాపు సముద్రమట్టం నుంచే మొదలవుతుంది. ఉత్తరాన బాగా పైనున్న ప్రాంతం కావడంతో నడివేసవిలోనూ శిఖరం మీద మంచు పడవచ్చు. ఏటా లక్షమందికి పైగా ఈ కొండ ఎక్కుతారు. వారిలో ఎక్కువమంది పొద్దున బయల్దేరి సాయంత్రానికి దిగివచ్చే వేసవి యాత్రికులు. వారు నడిచే ప్రధానమైన బాటను వేసింది మాత్రం యాత్రికుల కోసం కాదు, వాతావరణాన్ని కొలిచేవారి కోసం.

ఈ కొండ ఎక్కినట్లు నమోదైన తొలి వ్యక్తి ఎడింబరో వృక్షశాస్త్రజ్ఞుడు జేమ్స్ రాబర్ట్‌సన్. 1771 ఆగస్టు 17న మొక్కల నమూనాలు సేకరిస్తూ ఆయన పైకి వెళ్లాడు. 1818 ఆగస్టులో కవి జాన్ కీట్స్ ఎక్కాడు. అప్పటికి ఇదే అన్నిటికన్నా ఎత్తైనదని తేలలేదు. చాలామంది ఆ గౌరవం బెన్ మక్‌డూయీదే అనుకునేవారు. 1847లో బ్రిటన్ పటాల సంస్థ ఆర్డ్‌నన్స్ సర్వే కొలతలతో ఆ వివాదం ముగిసింది.

ఎత్తైన చోట గాలి, చలి, పీడనం ఎలా మారతాయో తెలిస్తే తుపానుల రాకను ముందే పసిగట్టవచ్చని 1870ల నాటి శాస్త్రవేత్తలు ఆశపడ్డారు. స్కాటిష్ మెటియొరలాజికల్ సొసైటీ బెన్ నెవిస్ మీద పరిశీలన కేంద్రం కట్టాలని తలపెట్టింది గానీ డబ్బు సమకూరలేదు. అప్పుడు క్లెమెంట్ రాగ్ అనే యువకుడు ముందుకొచ్చాడు. కేంద్రం లేకపోతే తానే రోజూ ఎక్కి లెక్కలు రాసుకొస్తానన్నాడు.

1881 జూన్ 1 నుంచి అక్టోబరు నడిమి దాకా రాగ్ ఆ మాట నిలబెట్టుకున్నాడు. తెల్లవారుజామున ఐదు గంటలు కాకముందే ఫోర్ట్ విలియంలో బయల్దేరేవాడు. దారిలో ముందే ఎంచుకున్న చోట్ల ఆగి థర్మామీటరు చూసి, అంకెలు రాసుకుని, తొమ్మిదింటికల్లా శిఖరం చేరేవాడు. సరిగ్గా ఆ వేళకే ఆయన భార్య కింద ఊళ్లో అలాంటి పరికరాలే చూసి రాసుకునేది. పై అంకెకు విలువ వచ్చేది కింది అంకెతో పోల్చినప్పుడే కాబట్టి ఆమె పాలు సగం. పేరు మాత్రం ఎక్కువగా ఆయనకే దక్కింది. అప్పటికి తీరైన బాట లేదు. బురద నేల, రాళ్ల గుట్టలు, వాన, పొగమంచు దాటుకుంటూ మధ్యాహ్నానికి ఇల్లు చేరేవాడు. 1882లో సొసైటీ ఆయనకు బంగారు పతకం ఇచ్చింది. ఆ ఏడాది వేసవిలోనూ సహాయకులతో కలిసి ఈ పని కొనసాగించాడు.

రాగ్ పట్టుదల పత్రికలకెక్కడంతో విరాళాలు వచ్చిపడ్డాయి. 1883లో కొండ చుట్టూ వంపులు తిరుగుతూ గుర్రాలు బరువుతో ఎక్కగలిగే బాట వేశారు. అక్టోబరు 17న శిఖరం మీద పరిశీలన కేంద్రం మొదలైంది. దాని అధిపతి పదవి రాగ్‌కు రాలేదు, రాబర్ట్ ఓమండ్‌కు దక్కింది. రాగ్ తర్వాత ఆస్ట్రేలియా వెళ్లి, తుపానులకు మనుషుల పేర్లు పెట్టే అలవాటుకు ఆద్యుడయ్యాడు.

కేంద్రంలోని సిబ్బంది రాత్రింబవళ్లు గంటగంటకూ లెక్కలు తీసేవారు. చలికాలంలో తలుపులు మంచులో కూరుకుపోతే టవరు మీంచి బయటికి వచ్చేవారు. 1904 దాకా ఇరవయ్యేళ్లకు పైగా సాగిన ఈ శ్రమ వల్ల శిఖరం స్వభావం అంకెల్లో తేలింది. ఏడాది సగటు ఉష్ణోగ్రత సున్నాకు కాస్త దిగువనే. ఏడాది వాన 4,000 మిల్లీమీటర్లకు మించినది. వేసవిలో కూడా సగం రోజులు మబ్బులోనే. కింది ఊరికీ శిఖరానికీ సగటు తేడా దాదాపు తొమ్మిది డిగ్రీలు.

1894 సెప్టెంబరులో సి.టి.ఆర్. విల్సన్ అనే యువ భౌతిక శాస్త్రవేత్త ఇక్కడ రెండు వారాలు పనిచేశాడు. మేఘం మీద ఎండ పడినప్పుడు ఏర్పడే రంగుల వలయాలు చూసి ముగ్ధుడై, వాటిని ప్రయోగశాలలో సృష్టించబోయాడు. ఆ ప్రయత్నం మేఘ పేటికగా ఎదిగింది. కంటికి కనబడని కణాల జాడలను చూపిన ఆ పరికరానికి 1927లో ఆయనకు నోబెల్ బహుమతి దక్కింది. కేంద్రం ఇంకేమీ సాధించకపోయినా, ఖర్చు చేసిన ప్రతి పైసా దీనితోనే గిట్టుబాటైనట్లే.

ప్రభుత్వ సాయం చాలక 1904లో కేంద్రం మూతపడింది. బాట మిగిలింది. కేంద్రం నడిచిన రోజుల నుంచే యాత్రికులు దాని మీద ఎక్కేవారు. వారి కోసం శిఖరం మీద చిన్న హోటలు కూడా వెలిసి, కేంద్రం పోయాక కొన్నేళ్లు నడిచింది. 1895లో కొండ పరుగు పందెం మొదలైంది. 1911లో ఒక ఫోర్డ్ కారును శిఖరం దాకా నడిపించారు. 2000లో శిఖర భాగాన్ని ప్రకృతి సంరక్షణ సంస్థ జాన్ మ్యూర్ ట్రస్టు కొనుక్కుంది. 2017లో వేలాదిమంది స్వచ్ఛందంగా కేంద్రం పాత పుస్తకాల్లోని అంకెలను కంప్యూటర్లకెక్కించారు.

ఈనాటి ఒక్కరోజు యాత్ర ప్రణాళికలోనూ ఆ అంకెలు పనికొస్తాయి. పోనూరానూ పదిహేడు కిలోమీటర్లు, ఏడు నుంచి తొమ్మిది గంటల నడక. అందుకే పొద్దున్నే బయల్దేరమంటారు. ఊళ్లో పదహారు డిగ్రీలుంటే పైన ఏడు ఉండవచ్చు, గాలి తోడైతే చలి మరీ కొరుకుతుంది. కాబట్టి ఎండ కాస్తున్నా ఉన్ని దుస్తులు, వాన కోటు, చేతి తొడుగులు సంచిలో ఉండాల్సిందే. ఫోను బ్యాటరీ చలికి తగ్గిపోతుంది గనుక కాగితం పటం, దిక్సూచి తప్పనిసరి. శిఖరం మీద మబ్బు కమ్మితే బాట కనబడదు. అప్పుడు పటం మీది ఉత్తరం నుంచి 231 డిగ్రీల దిశలో 150 మీటర్లు నడిచి, తర్వాత 282 డిగ్రీలకు తిరగాలి. మొదటి మలుపు ముందే తిరిగితే ఉత్తరపు లోయ అంచు తగులుతుంది, మరీ ఆలస్యమైతే ఎడమన ఫైవ్ ఫింగర్ గల్లీ అనే లోయలోకి దారి తీస్తుంది. ప్రాణాలు పోయిన చోట్లు అవి రెండూ.