ఎదుటి కుర్చీ: అమెరికాలో చదరంగ సంఘాల కథ

పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండి పోదామని అమెరికా వచ్చిన తల్లిదండ్రులను నాలుగో వారంలో పలకరించి చూడండి. ఇల్లు బాగుంది, మనుమలు ముద్దుగా ఉన్నారు, పాలు చిక్కగా ఉన్నాయి అంటారు. కొంచెం ఆగి, “పొద్దు పోవడం లేదండీ” అంటారు. వారిలో చదరంగం ఆడేవారుంటే ఆ మాటే ఇంకొక విధంగా వస్తుంది. “ఒక్క జోడీ దొరికితే చాలునండీ” అంటారు.

మా తాతల కాలంలోనే సముద్రం దాటిన కుటుంబం మాది. తెలుగు మాకు ఇంట్లో వచ్చినదానికంటె సాయంకాలపు తరగతిలో వచ్చినదే ఎక్కువ. ఆ తరగతికి ఇటువంటి పెద్దలు అప్పుడప్పుడు వచ్చి వెనుక బల్ల మీద కూర్చుని మా ఉచ్చారణ దిద్దేవారు. బదులుగా మేము వారికి చేయగలిగిన ఉపకారం ఒకటే, ఊళ్ళో చదరంగం ఆడే చోటు వెదికి పెట్టడం. అలా వెదకబోయి ఆ చోట్ల చరిత్ర కొంత తెలుసుకున్నాము. ఈ వ్యాసానికి కారణం అదే.

మన ఊళ్ళలో జోడీని వెదకనక్కరలేదని పెద్దలు చెబుతారు. అరుగు మీద పలక పరిస్తే ఆడేవారు ఇద్దరు, చూసేవారు నలుగురు, సలహా చెప్పేవారు ఆరుగురు. ఎవరి ఆట ఎంతటిదో ఊరందరికీ ఎరుకే. అమెరికాలో ఇంటికి అరుగు లేదు. పక్కింటివారు కారులో నుంచి చెయ్యి ఊపి గరాజులోకి వెళ్ళిపోతారు. అయితే ఈ దేశంలో ఒంటరితనం మనతో మొదలు కాలేదు. మనకంటె ముందు వచ్చినవారూ ఒంటరివారే. వారు కట్టుకున్న అరుగులే ఈ చదరంగ సంఘాలు.

శాన్‌ఫ్రాన్సిస్కో సంగతి చూడండి. 1848లో కాలిఫోర్నియాలో బంగారం బయటపడగానే నలుమూలల నుంచీ యువకులు వచ్చి పడ్డారు. ఇల్లూ వాకిలీ లేని మగవాళ్ళ ఊరు అది. పని ముగిశాక పోవడానికి సారా దుకాణమో జూదశాలో తప్ప వేరే చోటు తక్కువ. 1854లో అక్కడ మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్ అని ఒక సంస్థ పెట్టారు. చేతిపనులవారికి గ్రంథాలయం, పాఠాలు, వాటితోపాటు చదరంగానికి చోటు. 1906 భూకంపంలోనూ దాని వెంట వచ్చిన అగ్నిప్రమాదంలోనూ ఆ భవనం, పుస్తకాలు నాశనమయినాయి. 1910లో పోస్ట్ వీధి 57వ నంబరులో మళ్ళీ కట్టారు. ఇప్పటికీ గ్రంథాలయం, చదరంగపు గది అక్కడ ఒకే కప్పు కింద ఉన్నాయి. ఈ దేశంలో ఎడతెగకుండా నడుస్తున్న చదరంగ సంఘాలలో అదే అన్నిటికంటె పాతది. పుస్తకాల పక్కన పలక పెట్టాలన్న ఆలోచన ఎవరిదో గాని వారికి దండం పెట్టాలి. ఈనాటికీ కొత్త ఊరిలో జోడీ కావాలంటే మేము మొదట అడిగేది ఊరి గ్రంథాలయంలోనే.

న్యూయార్కు కథ వేరు. 1877లో మన్‌హటన్ చదరంగ సంఘం ఏర్పడింది. 1906లో క్యూబా దేశం నుంచి ఒక కుర్రవాడు కొలంబియా విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదవడానికి వచ్చాడు. పేరు కాపబ్లాంకా. చదువు సాగిందో లేదో గాని సంఘంలో ఆట మాత్రం సాగింది. 1908లో విశ్వవిద్యాలయం వదిలేశాడు. మరుసటి ఏడే అమెరికాలో అందరికంటె మేటి అనిపించుకున్న ఫ్రాంక్ మార్షల్‌ను ఎనిమిది గెలుపులు, ఒక ఓటమి, పద్నాలుగు సమానాలతో ఓడించాడు. 1921లో ప్రపంచ విజేత అయినాడు. ఈ ఉదాహరణను మన విద్యార్థులకు చూపించవద్దని కొందరు తల్లిదండ్రులు మమ్మల్ని కోరారు. ఆ కోరిక న్యాయమే. 1942 మార్చిలో ఒక సాయంత్రం ఆయన అదే మన్‌హటన్ సంఘంలో కుప్పకూలి, మరునాడు ఆసుపత్రిలో కన్నుమూశాడు. ఆ సంఘం 2002లో మూతపడింది. నూట పాతికేళ్ళు నిలిచినదీ అద్దెలు పెరిగే ఊళ్ళో నిలవలేకపోయింది.

ఓడిపోయిన మార్షల్ 1915లో తానే ఒక సంఘం పెట్టాడు. 1931 నుంచి అది పడమటి 10వ వీధి 23వ నంబరు ఇంట్లో ఉంది. ఇప్పటికీ నడుస్తోంది. 1944లో మార్షల్ పోయాక ఆయన భార్య కారొలైన్ ఆ సంఘాన్ని ఏళ్ళ తరబడి నడిపింది. చదరంగ చరిత్రలలో ఆమె పేరు ఒక వాక్యానికి మించి కనబడదు. సంఘం అంటే పలకలే కాదు కదా, దీపం వెలిగించేవారు, అద్దె కట్టేవారు, కొత్తవాడిని లోపలికి పిలిచేవారు ఉండాలి.

ఆ ఇంట్లోనే 1956లో పదమూడేళ్ళ బాబీ ఫిషర్, డోనల్డ్ బర్న్‌తో ఆడిన ఆటలో మంత్రిని వదులుకొని గెలిచాడు. 1965లో హవానా పోటీకి వెళ్ళడానికి అమెరికా ప్రభుత్వం అనుమతించకపోతే, ఫిషర్ ఈ ఇంట్లోనే కూర్చుని టెలిప్రింటరు మీద ఎత్తులు పంపుతూ ఆడాడు. ఎదుటి ఆటగాడు సముద్రానికి ఆవల ఉన్నాడు. అలా ఆడి కూడా విజేత స్మిస్లోవ్‌కు అర పాయింటు మాత్రమే వెనుకబడ్డాడు.

అదే 1965వ సంవత్సరం అక్టోబరు 3న అధ్యక్షుడు జాన్సన్ కొత్త వలస చట్టం మీద సంతకం చేశాడు. దానితో మన డాక్టర్లు, ఇంజనీర్లు రావడం ఊపందుకుంది. అందరూ న్యూయార్కుకు రాలేదు. ఆసుపత్రిలో ఉద్యోగం ఎక్కడ దొరికితే అక్కడికి వెళ్ళారు. యాభై మైళ్ళలో తెలుగు వినబడని ఊళ్ళు అవి. అటువంటి ఊళ్ళో ఉన్న మా బంధువు ఒకాయనకు రెండు దారులు కనబడ్డాయి. ఒకటి, కార్డు మీద ఒక ఎత్తు వ్రాసి తపాలాలో వేయడం. జవాబు రావడానికి వారం, ఆట ముగియడానికి ఏడాది. రెండవది, చదరంగ సమాఖ్య పత్రికలో పోటీల ప్రకటనలు చూసి కారు వేసుకొని వెళ్ళడం. 1939లో ఏర్పడిన ఆ సమాఖ్య ‘చెస్ లైఫ్’ అనే పత్రిక వేస్తుంది. ఒకసారి ఆయన పాత సంచికలో చిరునామా చూసి రెండు గంటలు ప్రయాణం చేసి వెళితే అక్కడ బట్టలుతికే దుకాణం ఉందట. వచ్చినందుకు చొక్కాలు ఉతికించుకొని వచ్చానని ఆయన చెప్పేవారు.

1972 సెప్టెంబరు 1న రెక్యావిక్‌లో ఫిషర్ స్పాస్కీని ఓడించి ప్రపంచ విజేత కాగానే పరిస్థితి మారింది. రెండేళ్ళలో సమాఖ్య సభ్యత్వం ఇంచుమించు రెట్టింపయింది. చర్చిల నేలమాళిగల్లో, బడుల భోజనశాలల్లో కొత్త సంఘాలు వెలిశాయి. మనవారు వస్తున్న కాలమూ అదే కావడం అదృష్టం. అప్పటికి చిన్న ఊరి ఆసుపత్రిలో కూడా పలక తెలిసినవారు ఒకరైనా ఉండేవారట.

తలుపు తట్టితే సంఘంలోకి పోవచ్చు. కాని ఎవరి ఎదుట కూర్చోవాలి? మరీ బలవంతునితో ఆడితే ఇరవై ఎత్తులకే ఆట కట్టు. మరీ బలహీనుడైతే విసుగు. ఊళ్ళో అయితే ఈ సంగతి అరుగే చెబుతుంది. ఇక్కడ ఆ పని ఒక లెక్క చేస్తుంది. హంగరీలో పుట్టి పదేళ్ళ వయసులో అమెరికా వచ్చిన అర్పాద్ ఎలో, మిల్వాకీలో మార్కెట్ విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్రాచార్యుడు. ఆయన కట్టిన లెక్కను అమెరికా సమాఖ్య 1960లో, ప్రపంచ సమాఖ్య 1970లో స్వీకరించాయి. గెలుపుకు ఒకటి, సమానానికి అర చొప్పున లెక్కించితే, ఇద్దరి మధ్య 200 పాయింట్ల తేడా ఉన్నప్పుడు పైవాడికి నూరు ఆటలలో సుమారు 76 రావాలి. 400 తేడా ఉంటే 91. ఈ దేశపు పోటీలలో మొదటి 25 ఆటల వరకు వచ్చిన అంకెను తాత్కాలికంగానే చూస్తారు. శనివారపు పోటీలలో ‘స్విస్’ పద్ధతి అని ఒకటి ఉంది. ఓడినవారిని ఇంటికి పంపరు. గెలిచినవారిని గెలిచినవారితో, ఓడినవారిని ఓడినవారితో కూర్చోబెడతారు. మూడో ఆటకు వచ్చేసరికి ఎవరి సరిజోడు వారికి దొరుకుతుంది. భాష రానక్కరలేదు, బంధుత్వం అక్కరలేదు. వలస వచ్చిన ఒక మనిషి కట్టిన లెక్క తరువాత వచ్చిన వలసదారులకు ఇంతగా ఉపకరించడం మాకు ముచ్చట కలిగించింది.

పార్కులలో ఆడేవారూ ఉన్నారు. న్యూయార్కు వాషింగ్టన్ స్క్వేర్ నైరుతి మూలన రాతి బల్లలు ప్రసిద్ధం. చూడవలసిన చోటే. అయితే ఏ పార్కులోనైనా కొత్తవారిని చిరునవ్వుతో పిలిచే మనిషి పందెం మాట ఎత్తుతాడేమో ముందే అడగండి. ఈ జ్ఞానం మాకు ఇరవై డాలర్లకు వచ్చింది.

ఇక అసలు చిక్కు ఆట పద్ధతులది. మన పెద్దలు కొందరు నేర్చినది దేశవాళీ ఆట. బంటు మొదటిసారి కూడా ఒక గడే నడుస్తుంది. కోట కట్టడం లేదు, దానికి బదులు రాజు ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. చివరి గడి చేరిన బంటు ఆ వరుసకు చెందిన పావు అవుతుంది. ఇవి ప్రాంతాన్ని బట్టి మారేవి కూడా. పంజాబునుంచి 1929లో లండను వెళ్ళిన మీర్ సుల్తాన్ ఖాన్ ఇటువంటి ఆట ఆడి పెరిగినవాడే. పడమటి పద్ధతికి అలవాటు పడి ఆ ఏడే బ్రిటిషు విజేత అయినాడు. 1930–31 హేస్టింగ్స్ పోటీలో కాపబ్లాంకానే ఓడించాడు.

అటు మన దేశంలోనూ ప్రపంచ పద్ధతి అప్పటికి స్థిరపడుతోంది. భారత జాతీయ చదరంగ పోటీ మొట్టమొదట జరిగినది ఏ బొంబాయిలోనో కలకత్తాలోనో కాదు, 1955లో మన ఏలూరులో. ఆంధ్రుడు డి. వెంకయ్య, మహారాష్ట్రుడు రామచంద్ర సాప్రే సమానంగా నిలిచి మొదటి స్థానం పంచుకున్నారు. మా తరగతిలో ఈ సంగతి చెబితే మా పిల్లలలో ఒక్కరూ నమ్మలేదు.

నమ్మకం వేరే దారిన వచ్చింది. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టరు అయినారు. 2024 డిసెంబరులో మహిళల ప్రపంచ రాపిడ్ పోటీ న్యూయార్కు వాల్‌స్ట్రీట్‌లో జరిగితే 11 ఆటలకు 8.5 పాయింట్లతో ఆమె గెలిచారు. 2019 తరువాత అది రెండోసారి. అదే నెల 12న మద్రాసు తెలుగు కుటుంబపు బిడ్డ దొమ్మరాజు గుకేశ్ సింగపూరులో పద్దెనిమిదేళ్ళకు ప్రపంచ విజేత అయినాడు. ఆ తరువాతి వారం మా తరగతిలో పిల్లలు పలక తెమ్మన్నారు. పావుల పేర్లతో తెలుగు చెప్పడం అప్పుడు మొదలుపెట్టాము. రాజు, మంత్రి, ఏనుగు, గుర్రం, బంటు తేలిక. శకటు దగ్గర తగవు వచ్చింది. హైదరాబాదు వైపు పెద్దలు దానిని ఒంటె అంటారు. రెండు పేర్లూ బోర్డు మీద వ్రాశాము.

రైల్వేలో పని చేసి రిటైరయిన ఒక పెద్దాయన కిందటి వేసవిలో కూతురి దగ్గరికి రాజమండ్రి నుంచి వచ్చారు. మేమందరం బాబాయిగారు అనేవాళ్ళము. మంగళవారం సాయంత్రం ఊరి గ్రంథాలయంలో ఆడతారని తెలిసి తీసుకువెళ్ళాము. ఎదుటి కుర్చీలో పోస్టుమాన్‌గా చేసి విశ్రాంతి తీసుకుంటున్న అమెరికన్ ఒకాయన. పది ఎత్తుల తరువాత బాబాయిగారు రాజును గుర్రంలా దూకించారు. పోస్టుమాన్‌గారు చెయ్యి పైకెత్తారు. మేము మధ్యవర్తిత్వం చేసి సంగతి విప్పి చెప్పాము. ఆయన కాసేపు ఆలోచించి, ఒక ఆట మీ పద్ధతి, ఒక ఆట మా పద్ధతి అన్నారు. నాలుగు నెలలు అలాగే నడిచింది. బాబాయిగారు “షా” అనేవారు, ఆయన “చెక్” అనేవారు. రెండూ పారశీకంలో రాజును పిలిచే ఒక్క మాటలోనుంచే వచ్చాయని మేము చెప్పబోతే ఇద్దరూ మమ్మల్ని మాట్లాడవద్దని సైగ చేశారు. ఆట నడుస్తోంది మరి.

గ్రంథాలయంలో ఆ మంగళవారాలు ఎంతకాలం ఉంటాయో చెప్పలేము. ఆడేవారు ఆరుగురే. పిల్లలు ఫోనులో క్షణంలో ప్రపంచంలో ఎవరితోనైనా ఆడుకుంటున్నారు. దానిని మేము తప్పు పట్టము. కాని ఫోను బాబాయిగారికి కాఫీ తెచ్చి ఇవ్వలేదు. ఆయనకు జలుబు చేసిన వారం ఇంటికి వచ్చి తలుపు తట్టినది పోస్టుమాన్‌గారే.

బాబాయిగారు నవంబరులో వెళ్ళిపోయారు. ఒక ఆట మధ్యలో ఆగింది. ఇప్పుడు రోజుకొక ఎత్తు కూతురి ఫోను ద్వారా వస్తుంది, మేము మంగళవారం పలక మీద పెట్టి చూపిస్తాము. ఈ సంచిక అచ్చుకు వెళ్ళేనాటికి ఇరవై మూడో ఎత్తు. బాబాయిగారికి ఒక బంటు తక్కువ. గుర్రం ఎక్కడికి దూకబోతున్నదో ఆయన మాకు ముందే చెప్పారు. పోస్టుమాన్‌గారికి తెలుగు రాదు గాని ఎందుకయినా మంచిది, ఇక్కడ వ్రాయము.